చిన్న చేప, పిల్ల చేప

గడచిన ఆగస్టు నెల రెండవ శనివారం మా సండేస్కూలు పిల్లలను ఇరవై ఇద్దరిని వెంటబెట్టుకొని కాకినాడ చేపల రేవుకు, అక్కడినుండి యానాంకు వెళ్ళి వచ్చాము. పిల్లలు దానిని విహారయాత్ర అన్నారు. మాకు మాత్రం అది మేము చేసిన ఒక పొరపాటును దిద్దుకోవడానికి వెళ్ళిన ప్రయాణం. కనుక ముందు ఆ పొరపాటు సంగతి చెప్పాలి.

మాది మెట్ట ప్రాంతం. సామర్లకోట దాటి ఇంకా లోపలికి రావాలి. సముద్రం మాకు కనబడదు, దాని హోరు వినబడదు. అయినా వారానికి మూడు రోజులు సముద్రపు చేప గంపలో కూర్చుని మా ఊరికి వస్తుంది. తీసుకువచ్చే ఆమెది కాకినాడ దగ్గరి మత్స్యకారుల పల్లె. తెల్లవారుజామున రేవులో చేపలు కొని, బస్సెక్కి, ఎనిమిదిన్నరకల్లా మా వీధిలో కేక వేస్తుంది. పదిహేనేళ్ళుగా మా ఊరి వారంతా ఆమెను అత్తా అనే పిలుస్తారు.

జూన్ ఆఖరి ఆదివారం సండేస్కూలులో సృష్టి పాఠం వచ్చింది. ఐదవ దినమున దేవుడు జలచరములను చేసి, మీరు నీళ్ళను నింపుడని ఆశీర్వదించాడు గదా, మనమేమో ఆ నీళ్ళను ఖాళీ చేస్తున్నామని పిల్లలతో చెప్పాము. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతటా మరబోట్లు వేటకు వెళ్ళకూడదన్న నిబంధనను గూర్చి కూడా చెప్పాము. 2015కు ముందు అది 47 రోజులే. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అది. లేవీయకాండము 25వ అధ్యాయంలో భూమికి ఏడవ యేట విశ్రాంతి ఉన్నట్టే ఇది సముద్రానికి విశ్రాంతి అన్నాము. ఇంతవరకు బాగానే ఉంది. చివర ఉత్సాహం కొద్దీ, "ఇకమీదట మన ఇళ్ళలో చిన్న చేపలు కొననియ్యకండి, వాటిని పెరగనివ్వాలి" అని ఒక మాట జోడించాము. పిల్లలు తలలూపారు. పిల్లలు ఒట్టినే తలలూపరు, ఇంటికి వెళ్ళి అమ్మలతో వాదిస్తారు. ఆ సంగతి మేము మరచిపోయాము.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం ఆమె మా ఇంటి అరుగు మీద గంప దించింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యగారూ, సిన్న సేపలు కొంటే పాపమని మీరు సెప్పారంట గదా. రెండు వారాల్నించి నా నెత్తళ్ళు నేనే తిరిగి ఇంటికి మోసుకుపోతన్నాను."

మేము పాపమని అనలేదు, పిల్లలు కాస్త పెంచి చెప్పి ఉంటారు. అయినా మా ఉద్దేశం వివరించాము. సముద్రంలో చేప తగ్గిపోతున్నది గదమ్మా, పిల్ల చేపలను పట్టేస్తే రేపు నీకే గదా నష్టం అన్నాము. ఆమె ఆసాంతం విన్నది. ఆ తరువాత గంపలోనుండి ఒక నెత్తల్లిని తీసి మా అరచేతిలో పెట్టింది.

"ఇది పిల్లనుకుంటన్నారా? దీనికి మనవలున్నారండీ."

మా ఇంట్లో అమ్మగారు లోపలినుండి ఫక్కున నవ్వారు. నెత్తల్లి పూర్తిగా ఎదిగినా వేలెడే ఉంటుంది. ఏడాది తిరగకుండానే గుడ్లు పెడుతుంది, కొద్దికాలమే బ్రతుకుతుంది, త్వరగా తన సంఖ్యను మళ్ళీ నింపుకుంటుంది. పైగా తీరం దగ్గర చిన్న నావల వారికి దొరికే చేప. బైబిలు పాఠశాలలో మేము గ్రీకు క్రియాపదాలు నేర్చుకున్నాము గాని నెత్తల్లి వయస్సు కనుక్కోవడం నేర్చుకోలేదు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. గంప అడుగునుండి మోచేతినుండి మణికట్టు వరకు ఉండే ఒక వంజరాన్ని పైకి తీసింది. "ఇదండీ పిల్ల. ఇట్టాటిది ఇందాకే మీ సంఘపెద్దగారు బేరమాడి కొన్నారు. పెద్ద సేప గదా, పాపం లేదనుకున్నారు కామోసు." వంజరం మీటరు దాటి పెరిగే చేప. అర మీటరు దాటి ఇంకా ఎంతో ఎదిగితే గాని మొదటిసారి గుడ్లు పెట్టదు. అంటే మేము గంపలోని పెద్దలను విడిచిపెట్టి పసిపిల్లలను కొనుక్కోమని సంఘానికి బోధించామన్న మాట. దానివలన ఒక విధవరాలి రెండు వారాల సంపాదన పోయింది. క్షమించమ్మా అన్నాము. ఆమె గంప ఎత్తుకుంటూ, "పిల్లల్ని ఓపాలి రేవుకి తీసుకురండి. నేను సూపిత్తాను" అన్నది.

ఆ శనివారం రాత్రి మూడు గంటలకే ప్రార్థన చేసుకొని ఒక వ్యానులో బయలుదేరాము. సంఘపెద్ద ఒకరు కూడా వచ్చారు. వంజరం కొన్నది వారే. మేము రేవు చేరేసరికి ఇంకా చీకటి వీడలేదు. లైట్ల వెలుగులో మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకొని ఉన్నాయి. ఐసు దంచే చప్పుడు, డీజిలు వాసన, వేలంపాట కేకలు. మా పిల్లలలో సగం మంది ముక్కులు మూసుకున్నారు. రేవులో ఆడవారు వారిని చూసి, "ఏటమ్మా, తినేటప్పుడు మూసుకోరు గదా" అని ఆటపట్టించారు. అయిదు నిమిషాలకు ముక్కులు అలవాటు పడ్డాయి.

వారం, పది రోజులు సముద్రం మీద ఉండి వచ్చిన ఒక బోటునుండి చేపలు దించుతున్నారు. ఆడవారు వరుసగా కూర్చుని వేరుచేస్తున్నారు. రొయ్యలు ఒక ట్రేలోకి, చందువలు ఒక ట్రేలోకి, కానాగంతలు, కవళ్ళు వేరువేరుగా. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వల ఉపమానం పిల్లలకు కంఠతా వచ్చు. ఒడ్డున కూర్చుండి మంచివాటిని పాత్రలలో వేసి, చెడ్డవాటిని పారవేయడం. ఒక పిల్ల అదే గుర్తు చేసింది. అయితే ఇక్కడ ఏదీ పారవేయడం లేదు. అన్నిటికంటే పెద్ద కుప్ప ఒకటి పక్కన పెరుగుతున్నది. దానిని రేవులో చెత్త అనే అంటారు.

అత్త మా పిల్లలను ఆ కుప్ప చుట్టూ కూర్చోబెట్టింది. మేము ముందే చెప్పి ఉంచినందున పిల్లలందరూ జామెట్రీ పెట్టెలోని స్కేళ్ళు తెచ్చుకున్నారు. కేరళ ప్రభుత్వం 2015లో దేశంలో మొదటిసారిగా ఏ చేప ఎంత పొడవు లోపు ఉంటే పట్టకూడదో నిర్ణయించింది. కవళ్ళకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14. కొలత కేరళదే అయినా చేప ఒకటే గనుక దానినే పిల్లలకు పాఠంగా ఇచ్చాము. బడి స్కేలు 15 సెంటీమీటర్లు. కానాగంత దాదాపు స్కేలంత ఉండాలి. ట్రేలోనివి చాలా వరకు స్కేలు దాటాయి. కుప్పలోనివి కొలిచినప్పుడు పిల్లల గొంతులు మారిపోయాయి. పదకొండు. తొమ్మిది. తొమ్మిది. ఏడు. చందువ పిల్లలైతే రూపాయి బిళ్ళ కంటే కొంచెమే పెద్దవి. బొటనవేలంత పీతలు, ఏ చేపకు పిల్లలో అత్త కూడా చెప్పలేనివి కొన్ని. ఒక చిన్నవాడు చందువ పిల్లను మెల్లగా నీటి తొట్టెలో వేసి, ఈదుతుందేమోనని చాలాసేపు చూశాడు.

"ఇదంతా ఎవరు తింటారు?" అని పిల్లలు అడిగారు. ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడి కోళ్ళ మేతలోకి, రొయ్యల మేతలోకి పోతుంది. చెరువు రొయ్య సముద్రానికి భారం కాదని మేము అంతకుముందు అనుకునేవారము. ఒక చందువ తన ఆయుష్షంతా బ్రతికితే ఎంత విలువ చేసేదో దానిని ఇక్కడ కిలోకు కొద్ది రూపాయల చొప్పున మేతకు తూస్తున్నారు.

ఆ బోటు సరంగు యాభై ఏళ్ళ మనిషి. టీ తాగుతూ మా దగ్గరకు వచ్చాడు. మమ్మల్ని చూసి ఏ పత్రిక వారో అనుకొని మొదట ముక్తసరిగా మాట్లాడాడు. పాస్టరుగారమని తెలిశాక కూర్చున్నాడు. ట్రాలు వల సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ వస్తుంది. వల చివరి సంచిలో కన్ను ఎంత ఉందో దానినిబట్టి ఏ చేప తప్పించుకుంటుందో తేలుతుంది. కన్ను పెద్దదైతే పిల్లలు జారిపోతాయి. "మరి పెద్ద కన్ను వేయవచ్చు గదా?" అన్నాము. "నేనొక్కణ్ణీ వేత్తే నేను వదిలింది ఎనకాలొచ్చే బోటోడి వల్లో పడుద్దండి. డీజిలు అప్పు మాత్రం నాదే" అన్నాడు. 1994లో రాష్ట్రం చేసిన చట్టం కింద తీరంనుండి 8 కిలోమీటర్ల వరకు సముద్రాన్ని చిన్న నావల వారికి విడిచిపెట్టాలి. ఆ మాట అడిగితే సరంగు నవ్వి టీ గ్లాసు వైపు చూశాడు. వలలోకి వచ్చిన పిల్ల చేప పైకి లాగేసరికే చచ్చిపోతుంది గనుక తిరిగి విసిరినా లాభం లేదని కూడా చెప్పాడు. నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే భృతి 10,000 రూపాయలు ఉండేది, 2025లో 20,000 చేశారు. రెండు నెలలకు ఒక కుటుంబానికి అది ఎంతవరకు వస్తుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చును.

అప్పుడే జరిగింది మేము ఊహించనిది. మా పిల్లలలో ఒకడి తండ్రి ఇదే రేవులో వేరొక బోటు మీద కలాసీ. తల్లితో కలిసి మా ఊళ్ళో అమ్మమ్మగారింట ఉండి చదువుకుంటున్నాడు. అప్పటివరకు అందరికంటే హుషారుగా చేపల పేర్లు చెప్పినవాడు, కుప్ప కొలవడం మొదలైన దగ్గరనుండి మాటలేదు. స్కేలు పెట్టెలో పెట్టేసి మా దగ్గరకు వచ్చి, మెల్లగా, "మా నాన్న చేసేది తప్పాండీ అయ్యగారూ?" అన్నాడు.

పన్నెండేళ్ళ పిల్లవాడు. జవాబు చెప్పడానికి మాకు కొంత సమయం పట్టింది. మీ నాన్న కష్టం తప్పు కాదు నాయనా, ప్రభువు తన మొదటి శిష్యులను వలలు కడుక్కునేవారిలోనుండే పిలిచాడు అన్నాము. ఏ వల వేయాలో నిర్ణయించేది మీ నాన్న కాదు, బోటు యజమాని, అప్పిచ్చినవాడు, కొనే మనమూ అని చెప్పాము. ఇది నిజమే. కాని సగం జవాబే అని వాని ముఖం చూస్తే తెలుస్తున్నది. మిగతా సగం సరంగే చెప్పాడు. "ఒరే అబ్బాయా, సంతలో ధర పలకనిదాన్ని ఎవడూ మోసుకురాడు. మీ ఊరోళ్ళు ఇంత వంజరప్పిల్లని కొనడం మానేత్తే, మీ నాన్న దాన్ని ఐసులో ఎట్టడం మానేత్తాడు. ఆడు నీకంటే సంతోషిత్తాడు. ఎందుకంటావా, పెద్దదైతే ఆడి వాటా కూడా పెద్దదే." పిల్లవాడు కొంచెం తేరుకున్నాడు. మా సంఘపెద్దగారు మాత్రం ఆ వంజరప్పిల్ల మాట దగ్గర గొంతు సవరించుకున్నారు.

ఎనిమిది గంటలకు ఇడ్లీలు తిని యానాం దారి పట్టాము. దారిలో కోరంగి మడ అడవి దగ్గర అరగంట ఆగాము. 1978నుండి అది అభయారణ్యం. చెక్క బాట మీద నడుస్తూ వంగి చూస్తే మడ చెట్ల వేళ్ళ మధ్య బురదనీళ్ళలో సూదుల్లాంటి చేపపిల్లలు కనబడతాయి. సముద్రంలో పట్టే రొయ్యలు, చేపలు అనేకం బాల్యం ఇక్కడే గడుపుతాయి. పెద్ద చేప లోపలికి రాలేని ఇరుకు వేళ్ళు వాటికి ఊయల. పిల్లలు అలసి ఉండడంవలన అక్కడ పాఠం ఏమీ చెప్పలేదు. ఒక పాట పాడించి వ్యాను ఎక్కించాము.

యానాంలో గోదావరి నిండుగా, ఎర్రగా ఉంది. ఈ ఎర్రనీరు వచ్చినప్పుడే పులస వస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస. వరదనీటి జాడ పట్టుకొని, ప్రవాహానికి ఎదురీదుతూ నదిలోకి ఎక్కిందంటే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట గోదావరి వాసులకు చెప్పనక్కరలేదు. రేవులో ఆ ఉదయం రెండే చేపలు ఉన్నాయి. కిలోన్నర తూగేదానికి పద్దెనిమిది వేలు చెప్పారు. మా పిల్లలు ఆ అంకెను మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. అసలు పులస దొరకక ఎక్కడెక్కడి సముద్రపు విలసనో తెచ్చి పులస అని అమ్మేవారు కూడా ఉన్నారట.

పులస ఎందుకు ఎదురీదుతుంది? సముద్రంలో అది గుడ్లు పెట్టదు. మంచినీటిలో పెట్టాలి. ఒక్కొక్క తల్లి కడుపులో లక్షల గుడ్లు ఉంటాయి. పిల్లలు నదిలో కొంత పెరిగి మళ్ళీ సముద్రానికి దిగిపోతాయి. 1847నుండి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించాడు. డెల్టా అంతా నేటికీ అన్నం తింటున్నది ఆ దైవభక్తి గల ఇంజనీరు చలవవలననే. మేమూ కృతజ్ఞులమే. కాని పైకి వెళ్ళే పులసకు అక్కడితో దారి మూసుకుపోయింది. మిగిలినది ఆనకట్టకు దిగువనున్న ముక్క. ఆ ముక్క పొడవునా జూలైనుండి సెప్టెంబరు వరకు వలలు. 61 రోజుల విశ్రాంతి జూన్ 14తో ముగిసిపోతుంది గదా, పులస ప్రయాణం దాని తరువాతనే మొదలవుతుంది. తల్లి గుడ్లు పెట్టడానికి పోయే దారిలో దానికి విశ్రాంతి లేదు. బంగ్లాదేశ్‌లో ఇదే చేప వారి జాతీయ చేప. అక్కడ అక్టోబరులో 22 రోజులు దానిని పట్టకూడదు, అమ్మకూడదు. ఆ రోజులలో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నవంబరునుండి జూన్ వరకు ముట్టకూడదు.

ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం ఒక విశ్వాసి ఇంట మాకు పులస పులుసు పెట్టారు. కుండలో వండి, బెండకాయలు వేసి, ఒక రాత్రి ఉంచిన పులుసు. గౌరవంగా జన ముక్క మా పళ్ళెంలోనే వేశారు. కృతజ్ఞతాస్తుతులు చెల్లించి తిన్నాము, రెండవసారి కూడా అడిగాము. చిన్న నెత్తల్లిని కొనవద్దని సండేస్కూలులో చెప్పిన నోరే అది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాలు పిల్లలచేత అక్కడే తీయించి చదివించాము. గూటిలో తల్లిపక్షి గుడ్ల మీద గాని పిల్లల మీద గాని కూర్చుండగా కనబడితే, తల్లిని పిల్లలతో కూడ పట్టకూడదు, తల్లిని విడిచిపెట్టాలన్న ఆజ్ఞ. తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి ఒకతె, "అయ్యగారూ, అది పక్షి గురించి కదండీ" అన్నది. అవును, పక్షి గురించే అన్నాము. ఆమె కాసేపు ఆలోచించి, "మరి పులసకు గూడు ఏది? గోదావరేనా?" అన్నది. మేము ఇంకేమీ చెప్పలేదు.

సంఘపెద్దగారికి అక్టోబరులో జరిగే సంఘ వార్షికోత్సవానికి ఒక ఉద్దేశం ఉండేది. వచ్చే దైవజనులకు పులస పెట్టాలని, ధర విచారించిపోదామనే వారు మాతో వచ్చారు. తిరిగి వ్యాను ఎక్కేటప్పుడు, "వద్దులెండి, ఆ ధర వినిపించి దేవుడే తప్పించాడు" అన్నారు. వాక్యంవలన మారారో, ధరవలన మారారో మేము అడగలేదు. విందుకు చెరువు బొచ్చెలు, శీలావతులు పెట్టారు. తవుడు తిని పెరిగే చేపలు అవి. వేట నిషేధం రోజుల్లో కూడా మా ఊరి వారికి అవే మేలు.

ఇప్పుడు సండేస్కూలు గోడ మీద పిల్లలు ఒక పటం గీశారు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు, వంజరం, ఒక్కొక్కటి ఎంత ఎదిగితే పెద్దదో నిలువు గీతలతో. నెత్తల్లి పక్కన ఎవరో పెన్సిలుతో బామ్మ అని రాశారు. చెరిపించలేదు. ఆ తరువాతి ఆదివారం సంఘమంతటి ముందు మా పొరపాటును చెప్పుకున్నాము. బుధవారంనాటికి అత్త నెత్తళ్ళు వీధి మలుపు తిరగకముందే అమ్ముడుపోయాయి. కలాసీ కొడుకు వాళ్ళమ్మ చేత అరకిలో కొనిపించాడు.

పోయిన వారం ఆమె మా అరుగు మీద గంప దించగానే, ఆ తొమ్మిదవ తరగతి అమ్మాయి బడికి పోతూ ఆగి, పెట్టెలోనుండి స్కేలు తీసి కానాగంతలను ఒక్కొక్కటిగా కొలవడం మొదలుపెట్టింది. పదిహేను దాటినవి, పదిహేను, పదహారు. ఒక దాని దగ్గర ఆగి, "ఇది పన్నెండే అత్తా" అన్నది. అత్త ఆ చేపను తీసి చూసి, గంప పక్కన విడిగా పెట్టింది.

"రేపు ఏలంపాటోడికి సూపిత్తాను, మా ఊళ్ళో ఇయ్యి సెల్లవు అని. నువ్వు బడికి పో, గంట కొట్టేత్తారు."